నెత్తిమీద రన్‌వే

ఢిల్లీ విమానాశ్రయంలో మూడో రన్‌వే వచ్చి పదిహేనేళ్లు దాటింది. దాని దారిలో కాపురముంటున్న వాళ్లు అడిగింది నిద్ర. దొరికింది కొత్త డెసిబెల్ పరిమితి.

దక్షిణ ఢిల్లీలోని వసంత్ కుంజ్‌లో పొద్దుగూకాక డాబా ఎక్కి తూర్పుకేసి చూస్తే ఆకాశంలో దీపాల దండ కనిపిస్తుంది. అవి చుక్కలు కావు. ఒకదాని వెనక ఒకటిగా వరుసకట్టి దిగుతున్న విమానాలు. ముందున్న దీపం చూస్తుండగానే పెద్దదై, రెక్కలు తొడిగి, కిటికీ అద్దాలను గడగడలాడించి, మహిపాల్‌పూర్ వైపు జారిపోతుంది. ఆ హోరు సద్దుమణిగేలోగా వెనకది తయారు. మాట మధ్యలో ఆగిపోయి, విమానం వెళ్లాక ఆపినచోటి నుంచే అందుకోవడం ఈ కాలనీ వాసులకు అలవాటైపోయింది. కొత్తగా వచ్చిన చుట్టాలు ఒకటి రెండు రోజులు వింతగా చూస్తారు. మూడో రాత్రి నుంచి కునుకు పట్టక తిరుగు ప్రయాణం గురించి ఆలోచిస్తారు.

ఇందిరా గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయానికి ఇది పాత పొరుగే. పాలం రెండో ప్రపంచ యుద్ధం నాటి విమాన స్థావరం. 1962లో సఫ్దర్‌జంగ్ నుంచి పౌర విమానాలు ఇక్కడికి మారాయి. కాబట్టి మోత కొత్తది కాదు. కానీ వసంత్ కుంజ్, రంగ్‌పురి, బిజ్వాసన్ ప్రజల ఫిర్యాదుకు ఒక కచ్చితమైన తేదీ ఉంది: 2008 ఆగస్టు 21. ఆ రోజున విమానాశ్రయం దక్షిణ భాగంలో 4,430 మీటర్ల మూడో రన్‌వే ప్రారంభమైంది. అప్పటికి దేశంలోకెల్లా పొడవైన రన్‌వే అదే. మరుసటి నెలాఖరు నుంచి దానిపై సాధారణ విమానాల రాకపోకలు మొదలయ్యాయి. అంతవరకూ ఉత్తరాన కొంచెం దూరంగా వినిపించిన మోత నడినెత్తికి వచ్చింది.

రన్‌వే అవసరం లేదని చెప్పడం కష్టం. చవక విమానాల రాకతో 2000ల మధ్యలో ఢిల్లీ విమానాశ్రయం కిక్కిరిసిపోయింది. దిగడానికి చోటులేక విమానాలు నగరం పైనే చక్కర్లు కొట్టేవి. 2006 మేలో విమానాశ్రయం నిర్వహణ జీఎంఆర్ సారథ్యంలోని కన్సార్షియం చేతికి వచ్చింది. ఉత్తరాంధ్రలోని రాజాం నుంచి వచ్చిన గ్రంధి మల్లికార్జునరావు సంస్థ అది. దాని ముందున్న లక్ష్యం 2010 కామన్వెల్త్ క్రీడల నాటికి రాజధానికి కొత్త ముఖద్వారం కట్టడం. మూడో రన్‌వే అందులో మొదటి అంకం. 2010 జులైలో తెరుచుకున్న మూడో టెర్మినల్ రెండోది. 2006-07లో సుమారు 2 కోట్లున్న ప్రయాణికుల సంఖ్య 2023-24 నాటికి 7.3 కోట్లు దాటింది. ఈ లెక్కల్ని చూపించే విమానాశ్రయం తన వాదన వినిపిస్తుంది. వసంత్ కుంజ్ వాళ్లు కూడా సెలవులకు గోవా వెళ్లేది ఇక్కడి నుంచే మరి.

అయితే మోత ఎవరి వాటాకు ఎంత వస్తుందన్నది గాలి నిర్ణయిస్తుంది. విమానం ఎప్పుడూ ఎదురుగాలికే దిగుతుంది, ఎదురుగాలికే లేస్తుంది. ఢిల్లీలో ఏడాదిలో ఎక్కువ రోజులు పడమటి గాలి వీస్తుంది. అందుకని విమానాలు తూర్పు నుంచి వచ్చి పడమరకు ముఖంపెట్టి దిగుతాయి. ఈ రన్‌వేకు ఆ దిశలో 29 అని పేరు. దిక్సూచిలో 290 డిగ్రీలన్నమాట. అవతలి కొస 11. పడమటి గాలి ఉన్నంతకాలం దిగే విమానాలు వసంత్ కుంజ్, రంగ్‌పురి నెత్తిన. లేచే విమానాలు బిజ్వాసన్, షహాబాద్ మొహమ్మద్‌పూర్, ద్వారక వైపు. వానాకాలంలో తూర్పు గాలి తిరిగిందంటే పాత్రలు మారతాయి. ఒక పక్కవాళ్లు ఊపిరి పీల్చుకుంటున్నారంటే రెండో పక్కవాళ్లు చెవులు మూసుకుంటున్నారని అర్థం.

ఈ కథలో శివుడికీ ఒక పాత్ర ఉంది. జైపూర్ వెళ్లే జాతీయ రహదారి పక్కన రంగ్‌పురి దగ్గర ఎత్తయిన శివుడి విగ్రహం ఉంది. సరిగ్గా రన్‌వే తూర్పు కొసకు ఎదురుగా. అంత ఎత్తు కట్టడం దారిలో ఉంటే విమానాలు రన్‌వే మొదట్లో చక్రాలు ఆనించడానికి భద్రతా నిబంధనలు ఒప్పుకోవు. దాంతో 29 వైపు నుంచి దిగే విమానాలు రన్‌వే అంచు నుంచి 1,460 మీటర్లు లోపలికి వచ్చాకే నేలను తాకాలని గీత గీశారు. ఈ ఏర్పాటు విగ్రహం కోసం చేసిందే అయినా కాలనీలకు దక్కిన లాభం చిన్నదేమీ కాదు. విమానాలు సాధారణంగా మూడు డిగ్రీల వాలులో దిగుతాయి. ఆ లెక్కన గీత అంత లోపలికి జరగడం వల్ల వసంత్ కుంజ్ మీదుగా వచ్చే ప్రతి విమానం దాదాపు 75 మీటర్లు ఎక్కువ ఎత్తులో వెళుతుంది. శబ్ద నిబంధనలన్నీ కలిసి చేసినదాని కంటే ఆ విగ్రహం చేసిందే ఎక్కువని కాలనీల్లో ఎవరైనా అంటే కాదనడం కష్టం.

ముందు ఎవరొచ్చారు అన్నది ఇలాంటి ప్రతి గొడవలోనూ వచ్చే ప్రశ్న. విమానాశ్రయం పక్కన ఇల్లు కొనుక్కుని మోత అంటే ఎలా అన్నది విమానయాన వర్గాల పాత వాదం. అందులో కొంత నిజం లేకపోలేదు. బిల్డర్ల ప్రకటనల్లో ‘విమానాశ్రయానికి పది నిమిషాలు’ అన్న మాట అమ్మకపు సరుకు. ఆ పది నిమిషాలు ఆకాశమార్గంలో పది సెకన్లేనని ఎవరూ రాయరు. కానీ ఈ కేసులో ఆ వాదం సగమే చెల్లుతుంది. వసంత్ కుంజ్‌లో ఫ్లాట్లు కట్టి అమ్మింది ప్రభుత్వ సంస్థ అయిన ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ. మూడో రన్‌వేకు రెండు దశాబ్దాల ముందే జనం అక్కడ చేరారు. బిజ్వాసన్, రంగ్‌పురి అయితే విమానమనేదే పుట్టకముందు నుంచీ ఉన్న పల్లెలు. ముందొచ్చిన చెవుల కంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అన్నట్లయింది వాళ్ల పని. నంగల్ దేవత్ అన్న ఊరి సంగతి మరీ చిత్రం. విమానాశ్రయ విస్తరణ కోసం ఆ ఊరినే 2007లో ఖాళీ చేయించారు. వాళ్లకు పునరావాసం చూపించిన చోటు రంగ్‌పురి, వసంత్ కుంజ్ పక్కన. రన్‌వే కోసం ఊరొదిలిన వాళ్లు మళ్లీ విమానాల మోత కిందికే చేరారు.

న్యాయపోరాటం మొదట ఢిల్లీ హైకోర్టుకు, ఆ తర్వాత 2010లో ఏర్పాటైన జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు చేరింది. ఫిర్యాదు చేసినవాళ్లలో కాలనీ సంఘాలే కాదు, ఒక ఆస్పత్రి కూడా ఉంది. వసంత్ కుంజ్‌లోని ఇండియన్ స్పైనల్ ఇంజురీస్ సెంటర్ వెన్నెముక దెబ్బతిన్న వాళ్లకు చికిత్స చేసే సంస్థ. 1965లో ఎవరెస్ట్ ఎక్కి, అదే ఏడాది యుద్ధంలో తూటా తగిలి చక్రాల కుర్చీకి పరిమితమైన మేజర్ హెచ్.పి.ఎస్. అహ్లూవాలియా దాన్ని నెలకొల్పారు. నెలల తరబడి మంచం మీదే ఉండాల్సిన రోగులు అక్కడ చేరతారు. మోత భరించలేకపోతే లేచి వెళ్లిపోయే అవకాశం వాళ్లకు లేదు.

చట్టం చూస్తే ఆస్పత్రి పక్షానే ఉన్నట్లు కనిపిస్తుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం ఆస్పత్రులు, పాఠశాలలు, న్యాయస్థానాల చుట్టూ కనీసం 100 మీటర్ల వరకు నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. అక్కడ పగలు 50 డెసిబెల్స్, రాత్రి 40 మించకూడదు. మామూలు నివాస ప్రాంతాల్లో ఇవి 55, 45. శబ్దం బెడద లేకుండా బతకడం రాజ్యాంగంలోని 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని 2005 జులైలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కాకపోతే ఆ తీర్పు ప్రధానంగా లౌడ్‌స్పీకర్లు, బాణసంచా గురించి. పెళ్లి బాజాను రాత్రి పదింటికి ఆపించగల పోలీసు 250 టన్నుల బోయింగ్‌ను ఏం చేయగలడు?

అందుకే విమానాశ్రయాలకు విడిగా శబ్ద ప్రమాణాలు కావాలన్న డిమాండ్ బలపడింది. అవి 2018 జూన్‌లో వచ్చాయి. పర్యావరణ మంత్రిత్వ శాఖ ‘విమానాశ్రయ శబ్ద మండలం’ అన్న కొత్త వర్గాన్ని సృష్టించింది. ఏడాదికి 50,000కు పైగా విమానాలు తిరిగే రద్దీ విమానాశ్రయాల చుట్టూ పగలు 70 డెసిబెల్స్, రాత్రి 65 వరకు ఉండొచ్చన్నది. మిగిలిన విమానాశ్రయాలకు 65, 60. అంటే నివాస ప్రాంతానికున్న రాత్రి పరిమితితో పోలిస్తే ఏకంగా 20 డెసిబెల్స్ సడలింపు. జనం కొలబద్ద అడిగితే ప్రభుత్వం కొలబద్దే ఇచ్చింది. కాకపోతే గీతను పైకి జరిపి ఇచ్చింది.

ఇరవయ్యేగా అనిపించవచ్చు. డెసిబెల్ లెక్క మామూలు కూడికల లెక్క కాదు. పది డెసిబెల్స్ పెరిగితే శబ్దంలోని శక్తి పది రెట్లవుతుంది. ఇరవై పెరిగితే వంద రెట్లు. చెవికి మాత్రం అది సుమారు నాలుగు రెట్ల మోతగా తోస్తుంది. ఇందులో మరో మెలిక ఉంది. ఈ పరిమితి ఒక్కో విమానం చేసే మోతకు కాదు, మొత్తం వ్యవధిలో సగటుకు. పగలంటే ఉదయం ఆరు నుంచి రాత్రి పది దాకా పదహారు గంటలు. ఒక ఇంటి మీదుగా అంతసేపూ దాదాపు మూడు నిమిషాలకొక విమానం చొప్పున 300 విమానాలు వెళ్లాయనుకుందాం. ప్రతిదీ ఆ ఇంటి దగ్గర 80 డెసిబెల్స్ దాకా మోగిందనుకుందాం. పక్కనున్న మనిషి మాట వినిపించని స్థాయి అది. అయినా సగటు కడితే 67 దగ్గర తేలుతుంది. కాగితం మీద నిబంధన ఉల్లంఘన లేదు. నిద్ర మాత్రం సగటు మీద పట్టదు. రాత్రి రెండింటికి ఒక్క విమానం లేపినా లేపినట్లే.

యాదృచ్ఛికమే కావచ్చు, అదే 2018 అక్టోబర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం తన మార్గదర్శకాలను ప్రకటించింది. విమానాల మోత 24 గంటల సగటున 45 డెసిబెల్స్, రాత్రివేళ 40 దాటకుండా చూడాలని అది గట్టిగా సిఫార్సు చేసింది. రెండింటి కొలత పద్ధతులు అచ్చంగా ఒకటి కావు. కానీ 40కీ 65కీ మధ్యనున్న దూరాన్ని పద్ధతుల తేడాతో పూడ్చలేం.

ఆ సిఫార్సు వెనక చాలా పరిశోధన ఉంది. యూరప్‌లోని ఆరు పెద్ద విమానాశ్రయాల పరిసరాల్లో 45 నుంచి 70 ఏళ్ల మధ్య వయసున్న 4,861 మందిని పరిశీలించి 2008లో వెలువరించిన అధ్యయనంలో, రాత్రి విమానాల మోత ప్రతి పది డెసిబెల్స్ పెరుగుదలకూ అధిక రక్తపోటు ఉండే అవకాశం 14 శాతం ఎక్కువని తేలింది. లండన్, ఆమ్‌స్టర్‌డామ్, మాడ్రిడ్ విమానాశ్రయాల దగ్గరి బడిపిల్లలపై 2005లో వచ్చిన మరో అధ్యయనం, మోత పెరిగేకొద్దీ చదివింది అర్థం చేసుకునే శక్తి తగ్గుతున్నట్లు చూపించింది. అన్నిటికంటే ఆసక్తికరమైంది మ్యూనిక్ అనుభవం. 1992 మేలో అక్కడి పాత విమానాశ్రయాన్ని మూసి, కొత్తది వేరేచోట తెరిచారు. పరిశోధకులు రెండు చోట్లా పిల్లల్ని ముందూ వెనకా పరీక్షించారు. పాత విమానాశ్రయం దగ్గరి పిల్లల జ్ఞాపకశక్తి, చదువు మెరుగుపడ్డాయి. కొత్తదాని దగ్గరి పిల్లలవి దెబ్బతిన్నాయి.

బిజ్వాసన్, షహాబాద్ మొహమ్మద్‌పూర్ పిల్లలు ఎదుర్కొనేదీ అలాంటి మోతే. వసంత్ కుంజ్‌లో ఉన్నవాళ్లు రెండు పొరల అద్దాలు బిగించుకుని, ఏసీ పెట్టుకుని తలుపులు మూసుకోగలరు. లాయర్‌ను పెట్టుకోనూ గలరు. వేసవి రాత్రి కరెంటు పోతే డాబా మీద పక్క వేసుకునే పల్లె కుటుంబానికి ఆ రెండూ లేవు. పత్రికల్లో ఈ పోరాటానికి వసంత్ కుంజ్ ముఖమే ఎక్కువ కనిపించడానికి కారణం అక్కడ మోత ఎక్కువ కావడం కాదు, గొంతు ఎక్కువ కావడం.

విమానాశ్రయం ఏమీ చేయలేదనడమూ సరికాదు. రన్‌వేల దారుల్లో శబ్దాన్ని నమోదు చేసే యంత్రాలు వచ్చాయి. కొత్త తరం విమానాల ఇంజన్లు పాతవాటి కంటే బాగా నెమ్మది. 2022 జూన్ నుంచి ఈ విమానాశ్రయం పూర్తిగా జల, సౌర విద్యుత్తుతో నడుస్తోంది. కర్బన నియంత్రణలో అంతర్జాతీయ గుర్తింపులూ దానికి దక్కాయి. పర్యావరణం పేరుతో వచ్చే ఈ బహుమతుల్లో శబ్దానికి మార్కులు లేకపోవడం మాత్రం గమనించాల్సిందే. పైగా ఒక్కో విమానం మోత తగ్గినా విమానాల సంఖ్య అంతకంటే వేగంగా పెరిగింది. ఇప్పుడు రోజుకు 1,200కు పైగా విమానాలు ఇక్కడ ఎక్కి దిగుతున్నాయి.

అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 2001లోనే నాలుగు మార్గాలు చెప్పింది: ఇంజన్ మోత తగ్గించడం, విమానాశ్రయం చుట్టూ భూ వినియోగాన్ని అదుపులో పెట్టడం, విమానాలు దిగే లేచే పద్ధతులు మార్చడం, తప్పనప్పుడు ఆంక్షలు విధించడం. మొదటిది బోయింగ్, ఎయిర్‌బస్‌ల చేతిలో ఉంది. రెండోదానికి ఢిల్లీలో పుణ్యకాలం కాస్తా గడిచిపోయింది. మిగిలింది చివరి రెండే. వాటిని వాడుకున్న నగరాలు లేకపోలేదు. 1994లో మూడో రన్‌వే తెరిచాక సిడ్నీలో జనం ఎంతగా తిరగబడ్డారంటే, విమానాల మోతకు వ్యతిరేకంగా ఒక రాజకీయ పార్టీయే పుట్టుకొచ్చింది. 1995లో రాత్రి 11 నుంచి ఉదయం 6 దాకా కర్ఫ్యూ చట్టమైంది. ఆ తర్వాత మోతను ఒకే వాడ మీద కుమ్మరించకుండా వీలైనంతవరకు నగరమంతా పంచే ప్రణాళిక వచ్చింది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో 2011 అక్టోబర్‌లో నాలుగో రన్‌వే తెరుచుకున్నాక జనం సోమవారం సోమవారం టెర్మినల్‌లోనే నిరసనలకు దిగారు. రాత్రి 11 నుంచి ఉదయం 5 దాకా విమానాలు నడపరాదన్న నిషేధాన్ని 2012 ఏప్రిల్‌లో జర్మనీ అత్యున్నత పాలనా న్యాయస్థానం ఖాయం చేసింది. లండన్ హీత్రోలో మధ్యాహ్నం మూడింటికి దిగే రన్‌వే, లేచే రన్‌వే తారుమారవుతాయి. ఏ వీధిలో ఏ పూట ప్రశాంతంగా ఉంటుందో ముందే తెలుస్తుంది.

ఆ చివరి పద్ధతి ఢిల్లీకి పనికొచ్చేలా ఉంది. 2023 జులై 14న ఇక్కడ 4,400 మీటర్ల నాలుగో రన్‌వే ప్రారంభమైంది. దేశంలో నాలుగు రన్‌వేలున్న మొదటి విమానాశ్రయం ఇదే. నాలుగుంటే అర్ధరాత్రి తర్వాత వంతులవారీగా ఒకదానికి విశ్రాంతినిచ్చే వెసులుబాటు, కాగితం మీదనైనా, పెరుగుతుంది. పగటి రద్దీలో ఇది సాధ్యం కాదు. ఒక రన్‌వే మరమ్మతుకు మూతపడితే మిగిలినవి ఉక్కిరిబిక్కిరవుతాయి. తెల్లవారుజామున రెండు మూడు గంటలు మాత్రం ఒక వాడకు ముందుగా చెప్పి ప్రశాంతత ఇవ్వడానికి అడ్డొచ్చేది ఇంజనీరింగ్ కంటే ఇష్టాయిష్టాలే.

జేవర్‌లో 2021 నవంబర్‌లో పునాదిరాయి పడిన నోయిడా విమానాశ్రయం ఢిల్లీ భారాన్ని కొంత పంచుకోవాల్సిందే. కానీ దాని చుట్టూ కూడా నివాస టవర్ల ప్రకటనలు విమానాల కంటే ముందే వచ్చి వాలాయి. తెలుగువాళ్లకు ఈ కథ తెలియనిది కాదు. 2008 మార్చిలో బేగంపేట నుంచి విమానాలు శంషాబాద్‌కు తరలినప్పుడు సికింద్రాబాద్ వాడలు ఒక్కసారిగా నిశ్శబ్దమయ్యాయి. అక్కడ అయిదు వేల ఎకరాలకు పైగా తీసుకుని ఊరికి దూరంగా కట్టిన సంస్థే ఢిల్లీలో ఊరి మధ్య రన్‌వే పరిచింది. శంషాబాద్ ఇప్పుడు ఊరికి దూరంగా లేదు. భోగాపురంలో 2015లో రైతులు ఆందోళనకు దిగింది భూమి కోసం. విమానాలు ఏ ఊళ్ల మీదుగా దిగుతాయి, ఆ దారిలో ఇళ్ల ప్లాన్లు ఎవరు ఆమోదిస్తున్నారు అన్న ప్రశ్నలు అప్పట్లో పెద్దగా వినిపించలేదు. 2018 ప్రమాణాల ప్రకారం శబ్ద మండలం పటం గీయాల్సిన బాధ్యత విమానాశ్రయానిది. ఆ పటం చూసి కట్టడాలను అదుపు చేయాల్సింది స్థానిక సంస్థ. ఇల్లు కొనేవాడి చేతికి ఆ పటం అందాలని మాత్రం ఏ రిజిస్ట్రేషన్ ఆఫీసూ పట్టుబట్టదు.

శబ్ద నిబంధనల ప్రకారం రాత్రి పదింటికి మొదలవుతుంది. ఢిల్లీలో యూరప్‌కు పోయే పెద్ద విమానాలు చాలావరకు బయల్దేరేది అర్ధరాత్రి దాటాకే. దూరప్రయాణం కావడంతో వాటికి ఇంధనం బరువు ఎక్కువ, లేవడానికి పెట్టాల్సిన బలమూ ఎక్కువ. చట్టం నిద్రపొమ్మన్న వేళకు బిజ్వాసన్‌లో రెండో షిఫ్టు మొదలవుతుంది.